నాస్తికుడైన తమ్ముడికి ఏమని జవాబివ్వాలి?

ప్రశ్న:

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. తాతగారి కాలం నుంచి బాప్టిస్ట్ చర్చి కుటుంబం. మా పిన్ని కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో నా పక్కన కూర్చుని వాక్యాలు కంఠతా పట్టినవాడే, నాలుగైదేళ్లుగా తాను నాస్తికుణ్ణని చెబుతున్నాడు. మా చుట్టాలందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నేనే అడ్మిన్‌ని. పిన్నికి షుగర్. రెండు నెలల కిందట కాలికి పుండు పడింది. "పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు, పుండు తగ్గుముఖం పట్టింది, దేవునికే మహిమ" అని మా అమ్మ గ్రూపులో పెట్టింది. "ప్రార్థనకి షుగర్ తగ్గితే ఆసుపత్రులెందుకు? మీ మూర్ఖత్వానికి మా అమ్మ బలైపోవాలా?" అని తమ్ముడు రాశాడు. పెద్ద మావయ్యకి కోపం వచ్చి, దేవుడు లేడనేవాళ్లు బుద్ధిహీనులని చెప్పే కీర్తన వాక్యం పెట్టాడు. "తాగడానికి అడ్డమని దేవుణ్ణి వదిలేశావు" అని కూడా అన్నాడు. దాంతో తమ్ముడు, బియ్యం బస్తా కోసం మతం మారారని క్రైస్తవుల్ని వెక్కిరించే వీడియో ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి పెట్టి, కింద "మన తాత కథ కూడా ఇదేగా" అని రాశాడు. ఎవరో అది స్క్రీన్‌షాట్ తీసి బయటికి పంపారు. ఇప్పుడు ట్యూషన్‌లో మా అబ్బాయిని తోటి పిల్లలు "బియ్యం బస్తా" అంటున్నారు. తమ్ముణ్ణి గ్రూపులోంచి తీసెయ్యమని మావయ్య పట్టుబడుతున్నాడు. వాడేమో క్రిస్మస్‌కి ఇంటికి రావడానికి టికెట్ తీసుకున్నాడు. నా విశ్వాసాన్ని తక్కువ చేసుకోకుండా వాడితో మర్యాదగా మాట్లాడటం ఎలా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

— ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు:

అమ్మా,

ముందు మీ పిన్నిగారి కాలి సంగతి. పుండు పడి రెండు నెలలైందని రాశారు గానీ, డాక్టరుకి చూపించిన మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో నరాలు మొద్దుబారి నొప్పి సరిగా తెలియదు. రక్తం అందడం తగ్గి పుండు త్వరగా మానదు. పైకి ఎండినట్టు కనిపిస్తూనే లోపల చీము ఎముక దాకా వెళ్లొచ్చు. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి పాదమే తీసెయ్యాల్సి వస్తుంది. రేపే పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడివాళ్లు పంపిస్తే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి వెళ్లండి. మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. ఇప్పటికే చూపిస్తున్నట్టయితే మరీ మంచిది. ఆ చీటీ ఫోటో తీసి మీ తమ్ముడికి పంపండి.

ఎందుకంటే అతను రాసిన మొదటి మెసేజ్ అడిగింది అదే. కోపంగా అన్న మాటల్ని కాసేపు పక్కన పెట్టి మళ్లీ చదవండి. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన అందులో లేదు. తల్లి కాలికి పుండు పడితే, తాను దూరంగా విశాఖలో ఉండి, చికిత్స జరుగుతోందో లేదో తెలియక హడలిపోయిన కొడుకు ఉన్నాడు. అంత మంది చుట్టాలున్న గ్రూపులో ఒక్కరైనా "డాక్టరుకి చూపించాం రా" అనో, "చూపించలేదు, రేపు తీసుకెళ్తాం" అనో రాయలేదు. అతనికి జవాబుగా వచ్చింది కీర్తన. అతను తల్లి గురించి అడిగితే మీవాళ్లు అతని నాస్తికత్వానికి జవాబిచ్చారు. గొడవ మొదలైంది ఇక్కడే.

మీ అమ్మగారి మాట కూడా అతను అలాగే తప్పుగా చదివాడు. ఆవిడ వైద్య సలహా ఇవ్వలేదు, ఆసుపత్రి వద్దనలేదు. చెల్లెలి కాలు కాస్త నయంగా కనిపించేసరికి కలిగిన ఊరటని, తనకి పుట్టినప్పటి నుంచి తెలిసిన మాటల్లో చెప్పుకుంది. "దేవునికే మహిమ" అని రాసేవాళ్లలో చాలామంది ఆ పూట మాత్ర వేసుకునే రాస్తారు. అతను "పెద్దమ్మా, సంతోషం, మరి డాక్టరేమన్నారు?" అని అడిగి ఉంటే, అడగాల్సింది అడిగినట్టూ అయ్యేది, ఆవిడ చిన్నబోయేదీ కాదు.

క్రైస్తవులకి వైద్యం అంటే పడదని అతను నిజంగా అనుకుంటుంటే, మీ ప్రాంతం చరిత్రే దానికి జవాబు. మీ జిల్లాలోని సెరంగోలో ఆసుపత్రి పెట్టింది కెనడా బాప్టిస్టులు. పక్కనే రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో ఒక డేనిష్ డాక్టరమ్మ మొదలుపెట్టిన క్రైస్తవ ఆసుపత్రి ఈ రోజుకీ కొండ ఊళ్ల జనానికి వైద్యం చేస్తోంది. ప్రార్థన చేసే చేతులే అక్కడ ఇంజెక్షన్లూ వేశాయి. ఈ మాట మీ తమ్ముడికి ఎంత అవసరమో మీ అయ్యగారికీ అంతే అవసరం. "ప్రార్థన చేశాను, మందులు మాత్రం మానొద్దు" అని ఆయన నోటితో ఒక్క మాట అంటే మీ పిన్నిలాంటివాళ్లు ఎందరో బతికిపోతారు. వీలు చూసుకుని ఆయన్ని అడగండి.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఇక్కడ తేల్చబోను, మీరు అడిగింది అది కాదు. మర్యాద అంటే ఏమిటని అడిగారు. గౌరవంగా మాట్లాడటమంటే గొంతు తగ్గించి మాట్లాడటమనీ, "ఎవరి నమ్మకం వాళ్లది" అని తప్పుకోవడమనీ చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. ఎదుటి మనిషి కూడా ఆలోచించే, తన మనస్సాక్షితో తేల్చుకునే ఆ నిర్ణయానికి వచ్చాడని ఒప్పుకోవడం గౌరవం. అది ఉంటే ఎంత గట్టిగా వాదించుకున్నా బంధం చెడదు. అది లేకపోతే "గారు" అని పిలిచినా అవమానమే.

మీ గ్రూపులో జరిగిన రెండు పెద్ద తప్పులూ ఈ కోణంలో చూస్తే ఒకటే. "తాగడానికి అడ్డమని దేవుణ్ణి వదిలేశావు" అన్నాడు మావయ్య. "బియ్యం కోసం తాత దేవుణ్ణి పట్టుకున్నాడు" అన్నాడు మేనల్లుడు. ఇద్దరూ ఎదుటివాడి నమ్మకం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. అతనికి బుర్ర లేదనీ, ఉన్నది ఆశ మాత్రమేననీ అన్నారు. మావయ్య మేనల్లుడికి మనస్సాక్షి లేదన్నాడు, మేనల్లుడు తాతకి మనస్సాక్షి లేదన్నాడు. మీ ఇద్దరికీ నిద్ర పట్టనివ్వని మాటలు ఇవే తప్ప, దేవుడి గురించిన మాటలు కావు.

తాగుడు మాట ముందు చూద్దాం. నాస్తికులు కావడానికి కారణాలు చాలా ఉంటాయి. డాక్టర్ అబ్రహాం కోవూర్ పేరు మీ తమ్ముడు వినే ఉంటాడు. బాబాల మహిమల్ని సవాలు చేసిన ఆ హేతువాది కేరళలో మార్తోమా చర్చి పాస్టరుగారి కొడుకు. ఇంట్లో బైబిలు వింటూ పెరిగినవాడే. కొందరు చదివి మారతారు. కొందరు ఎంతో ప్రార్థించినా బతకని మనిషిని చూసి మారతారు. కొందరు చర్చిలో జరిగిన అన్యాయం చూసి మారతారు. మీ తమ్ముడు వీటిలో ఏ దారిన వెళ్లాడో మీకు తెలుసా? నాలుగైదేళ్లలో మీలో ఒక్కరైనా "ఎందుకు మానేశావు రా?" అని, తిట్టడానికి కాకుండా తెలుసుకోవడానికి అడిగారా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. ఈ క్రిస్మస్‌కి అడగండి. మధ్యలో అడ్డుపడకుండా చివరి దాకా వినండి.

బియ్యం మాట గురించి ఎక్కువ చెప్పాలి. మీ తమ్ముడు ఎక్కువగా నొప్పించిన చోటు అదే. ఈ జవాబు అతనికి పంపండి. ఈ కింది నాలుగు పేరాలు అతనికే రాస్తున్నాను.

బాబూ, ఆ వీడియో చేసింది నీలాంటి హేతువాదులు కాదు. దేవుడు లేడని నమ్మేవాడికి ఒక మతం నుంచి ఇంకో మతానికి వెళ్లడం మీద అంత కోపం ఉండదు. ఆ వెక్కిరింత పుట్టింది వేరే చోట, దాని అడుగున ఉన్నది కులం. "వీళ్లకి ఆలోచన ఎక్కడిది, తిండి పెడితే ఏదైనా ఒప్పుకుంటారు" అన్నది దాని అర్థం. నువ్వు దాన్ని ఫార్వర్డ్ చేసినప్పుడు నాస్తికత్వం తరఫున మాట్లాడలేదు, మీ తాతని కులం పేరుతో తక్కువ చేసేవాళ్లకి నోరిచ్చావు. నీకు రుజువులంటే గౌరవం కదా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. దానితో పాటే రిజర్వేషనూ పోతుంది. చర్చి వల్ల పోగొట్టుకున్నవాళ్లని పట్టుకుని లాభం కోసం వెళ్లారనడం లెక్కకి కూడా నిలబడదు. పోనీ, ఏదో కరువులో ఎవరో బియ్యం ఇస్తే తిన్నారనే అనుకుందాం. 1866 కరువులో ఒడిశాలో లక్షల మంది ఆకలితో చనిపోయారు. అలాంటి రోజుల్లో పెట్టినవాడూ తిన్నవాడూ సిగ్గుపడాల్సిందేమీ లేదు. అప్పటి దాకా గుడి మెట్టు ఎక్కనివ్వని మనిషిని ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి పలక ఇచ్చి, పేరు పెట్టి పిలిస్తే, ఆ పిలుపు కోసం అతను దేవుణ్ణి మార్చుకున్నాడంటే అది కూడా ఆలోచనే. నీ ఆలోచనకంటే తక్కువదేమీ కాదు.

ఇంకో సంగతి. రాజ్యాంగం 51ఎ(హెచ్) గురించి నాస్తిక మిత్రులు తరచూ చెబుతుంటారు. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి విధి అని. నిజమే. అయితే అదే వాక్యంలో, దాని పక్కనే మానవతావాదం కూడా రాసి ఉంది. ప్రశ్నించడమూ, ఎదుటి మనిషిని మనిషిగా చూడటమూ రెండూ కలిపే చెప్పారు అక్కడ. 25వ అధికరణం ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛ కిందే మీ పెద్దమ్మ చర్చికి వెళ్తుంది, నువ్వు వెళ్లకుండా ఉంటావు.

నువ్వు ఉన్నది విశాఖలో, మీవాళ్లు ఉన్నది ఒడిశాలో. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, మధ్యలో పెద్ద దూరమేమీ లేదు, చుట్టరికాలన్నీ రెండు వైపులా ఉన్నవే. కానీ 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పటి నుంచి చట్టాలు వేరు, భయాలూ వేరు. ప్రలోభంతో మతం మార్చడం నేరమని ఒడిశాలో 1967లోనే చట్టం వచ్చింది. నీకు ఎగతాళిగా అనిపించిన మాట, అక్కడ ఎవరి నోట్లోనైనా పడితే నేరారోపణ అవుతుంది. మీ జిల్లాని ఆనుకునే కంధమాల్ ఉంది. 2007 క్రిస్మస్ రోజుల్లోనూ, మళ్లీ 2008 ఆగస్టు తర్వాతా అక్కడ చర్చిలు, ఇళ్లు తగలబడ్డాయి. మనుషులు చనిపోయారు. వేల మంది శిబిరాల్లో తలదాచుకున్నారు. అది గుర్తున్న ఇంట్లో "మన తాత బియ్యానికి మారాడు" అని రాతపూర్వకంగా పెట్టావు. బయటికి పంపింది నువ్వు కాదు, ఒప్పుకుంటాను. కానీ పదిమంది ఉన్న గ్రూపులో రాసింది ఇంట్లోనే ఉండిపోతుందని ఎవరూ అనుకోకూడదు. ఇప్పుడు ఆ మాట పడుతున్నది మీ అక్క కొడుకు.

కోపం తగ్గాక, వీలైతే ఆ మెసేజ్ డిలీట్ చెయ్యి, దాంతో పాటే తాత గురించి అన్నమాట తప్పని అదే గ్రూపులో రాయి. అందరి ముందూ అన్నదానికి ఫోన్లో ఒక్కరికే చెప్పే సారీ చాలదు. దేవుడి గురించి నీ అభిప్రాయం మార్చుకోమని అడగడం లేదు. అది నీది. ప్రార్థన వల్ల పుండు మానదని నువ్వు అనుకుంటే ఆ మాట నిలబెట్టుకో, ఇంకా బాగా చెప్పు. అయితే నీ సొంత మాటల్లో చెప్పు. ఎవరో చేసిన వీడియో పంపితే నువ్వేమనుకుంటున్నావో అవతలివాళ్లకి తెలియదు, వాళ్లకి జవాబిచ్చే వీలూ ఉండదు.

ఇక మళ్లీ మీతో, అమ్మా.

మీవాళ్లు భయపడటానికి కారణం ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఒడిశా మొత్తం మీద క్రైస్తవులు నూటికి ముగ్గురు కూడా లేరు. అయినా మీ గజపతి జిల్లాలో నూటికి 38 మంది దాకా ఉన్నారు. మీ వీధిలో, మీ చర్చిలో, మీ వాట్సాప్ గ్రూపులో మీరే ఎక్కువ. నాస్తికులమని ఆ లెక్కల్లో రాయించుకున్నవాళ్లు దేశమంతా కలిపి 33 వేల పైచిలుకు. మీ గ్రూపులో ఒక్కడే. అతనికీ భయాలుంటాయి. మూఢనమ్మకాల మీద జీవితమంతా పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టులో పుణెలో పొద్దున నడకకి వెళ్లినప్పుడు కాల్చి చంపారు. నాస్తికుణ్ణని బయటికి చెప్పుకునే ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. బయట మీరు తక్కువ, ఇంట్లో అతను తక్కువ. ఇద్దరికీ ఎగతాళి పడటమంటే ఏమిటో తెలుసు. తెలిసినవాళ్లే ఒకరి మీద ఒకరు బయటివాళ్ల రాళ్లు విసురుకోవడం నాకు బాధగా ఉంది.

మావయ్య పెట్టిన వాక్యం గురించి కూడా చెప్పాలి. 14వ కీర్తన మొదటి వాక్యం దగ్గర ఆపకుండా ఆయన్ని చివరి దాకా చదవమనండి. నాలుగో వాక్యంలో, జనాన్ని ఆహారం తిన్నట్టు మింగేసేవాళ్లు వస్తారు. బీదవాడి ఆలోచనని తిరస్కరించేవాళ్లు వస్తారు. తల్లి కాలు గురించి బెంగపడ్డ కొడుకు మీద పెట్టడానికి రాసింది కాదది. రోమా పత్రిక మూడో అధ్యాయంలో పౌలు ఇవే మాటలు ఎత్తి, నీతిమంతుడు ఒక్కడూ లేడని అందరినీ కలిపి చెప్పాడు. చర్చిలో కూర్చున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. మేనల్లుడికి పంపిన వాక్యం మావయ్యకీ వర్తిస్తుంది.

నమ్మనివాడితో ఎలా మాట్లాడాలో చెప్పే వాక్యం వేరే ఉంది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం పదిహేనో వాక్యం. మీలో ఉన్న నిరీక్షణ గురించి అడిగే ప్రతివాడికీ "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమంటుంది. మీ విశ్వాసం తక్కువవుతుందేమోనని మీరు భయపడుతున్నారు. ఈ వాక్యం ప్రకారం సాత్వికంగా చెప్పడం విశ్వాసంలో భాగమే. తోమా సంగతీ గుర్తు చేసుకోండి. మేకుల గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్నాడు. యేసు అతన్ని శిష్యుల్లోంచి తీసెయ్యలేదు. ఎనిమిది రోజుల తర్వాత వచ్చి, ఇదిగో చూడమని చేతులు చాపాడు. అప్పటికీ తోమా మిగతా శిష్యుల మధ్యే ఉన్నాడు. వాళ్లు వెళ్లగొట్టలేదు, అతనూ వెళ్లిపోలేదు.

కాబట్టి తమ్ముణ్ణి గ్రూపులోంచి తియ్యకండి. అడ్మిన్‌గా మీరు తియ్యాల్సింది ఆ వీడియోని.

ఇలా కలిసి ఉండటం కుదరని పని కాదు, తెలుగువాళ్ల ఇళ్లలో జరిగిందే. మన భాషలో నాస్తికత్వం అనగానే గుర్తొచ్చే గోరా, అంటే గోపరాజు రామచంద్రరావుగారు, 1902లో పుట్టింది మీకు దగ్గర్లోనే, బరంపురం పక్కనున్న ఛత్రపురంలో. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి తర్వాత విజయవాడకి మార్చారు. దేవుణ్ణి గాఢంగా నమ్మే గాంధీగారి దగ్గరికి వెళ్లి, ఆశ్రమంలో ఉండి నాస్తికత్వం గురించి ఆయనతో మాట్లాడిన మనిషి. నీ నాస్తికత్వం తప్పని గానీ నా ఆస్తికత్వమే ఒప్పని గానీ అనలేనన్న అర్థం వచ్చేలా గాంధీగారు ఆయనతో అన్నారు. ఇక గుర్రం జాషువాగారు క్రైస్తవ కుటుంబంలో పెరిగినవారు. క్రీస్తు జీవితాన్ని కావ్యంగా రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆయన కూతురు హేమలతగారు పెళ్లి చేసుకున్నది ఎవరినో తెలుసా? గోరాగారి కొడుకు లవణంగారిని. క్రీస్తు మీద కావ్యం రాసిన ఇంటి పిల్ల నాస్తిక కేంద్రానికి కోడలైంది. ఆడపిల్లల్ని దేవత పేరున వదిలేసే జోగినీ దురాచారం మీద ఆ దంపతులు పోరాడారు. స్టూవర్టుపురంలో దొంగలన్న ముద్ర పడ్డ కుటుంబాల మధ్య పనిచేశారు. ఆ స్టూవర్టుపురం ఒకప్పుడు సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్మెంటు. ఒకే ఊళ్లో ముందు క్రైస్తవులు, తర్వాత నాస్తికులు. ఎవరు బాగా చేశారన్న దాని మీద వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. ఆ వాదన మనుషులు బాగుపడ్డారా లేదా అన్న దాని మీద నడుస్తుంది కాబట్టి ఎవరి పుట్టుకనీ ఎత్తాల్సిన పని రాదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సినవి. మొదట తమ్ముడికి ఫోన్ చెయ్యండి. గ్రూపులో రాయొద్దు, అక్కడ అందరూ చూస్తుంటే ఇద్దరూ ప్రేక్షకుల కోసం మాట్లాడతారు. ఇలా మొదలుపెట్టొచ్చు: "తమ్ముడూ, పిన్ని కాలు గురించి నువ్వు అడిగింది న్యాయం. మేం వెంటనే జవాబివ్వకపోవడం తప్పు. డాక్టరు చెప్పింది ఇదీ. తాత గురించి నువ్వన్న మాటకి మాత్రం నేను చాలా ఏడ్చాను, నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను. నువ్వు దేవుణ్ణి ఎందుకు మానేశావో నేనెప్పుడూ అడగలేదు. వచ్చినప్పుడు చెప్పు, వింటాను. నేనెందుకు నమ్ముతున్నానో నువ్వూ వినాలి." ఇందులో మీరు విశ్వాసంలో అంగుళం కూడా తగ్గలేదు చూడండి. మీకు జవాబు తెలియని ప్రశ్న అతను అడిగితే "నాకు తెలియదు రా, అయినా నమ్ముతున్నాను" అనండి. ఆ మాట అన్నందుకు ఏ నాస్తికుడూ మిమ్మల్ని తక్కువగా చూడడు. తెలియనిదాన్ని తెలిసినట్టు దబాయిస్తేనే చూస్తాడు.

మావయ్య దగ్గరికి నేరుగా వెళ్లండి. పెద్దాయన, పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం మన ఇళ్లలో జరగదు, దాని కోసం పట్టుబట్టకండి. ఇంట్లో కూర్చుని ఆ కీర్తన మొత్తం ఆయనతో కలిసి చదవండి. తర్వాత గ్రూపులో "నాన్నా, మీ అమ్మ కాలు గురించి నీ బెంగ నాకర్థమైంది" అని ఒక్క లైను రాయమని అడగండి. తాగుడు మాట వెనక్కి తీసుకున్నట్టు ఆయన రాయకపోయినా, ఆ లైను చదివితే మీ తమ్ముడికి తెలుస్తుంది. మేనమామ నోటి నుంచి "నాన్నా" అన్న పిలుపు వస్తే మేనల్లుడు ఎంత మెత్తబడతాడో మీకే బాగా తెలుసు.

స్క్రీన్‌షాట్ బయటికి పంపిందెవరో కనిపెట్టడానికి ఇంట్లో విచారణలు పెట్టొద్దు. దానివల్ల ఇంకో నాలుగు అలకలు పుడతాయి. ఇకపై ఈ గ్రూపులో మాటలు బయటికి పంపొద్దని, ఏ మతాన్నీ నాస్తికుల్నీ వెక్కిరించే ఫార్వర్డులు పెట్టొద్దని అడ్మిన్‌గా రాయండి. నాస్తికులు నరకంలో కాలుతున్నట్టు చూపించే వీడియోలకీ ఈ నియమం వర్తించాలి. అలాంటివి మీవాళ్లే ఎన్నో పంపి ఉంటారు. అవి పెట్టినప్పుడు మీకు తప్పనిపించకపోయి ఉండొచ్చు, చదివేవాడికి అవి ఎలా తగిలాయో ఇప్పుడు ఊహించగలరు. ఎవరైనా వీధిలోనో ఫోన్లోనో కావాలని రెచ్చగొడుతుంటే మాత్రం ఆ మెసేజ్‌లు దాచి పెట్టుకోండి. ఒక మతంవాళ్ల మనోభావాల్ని దురుద్దేశంతో దెబ్బతీయడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద నేరం. ఈ సెక్షన్ పేరు చెప్పి మీ తమ్ముణ్ణి బెదిరించే ఆలోచన మాత్రం ఎవరికీ రానివ్వకండి. చట్టం దాకా వెళ్లిన ఇంటి గొడవ మళ్లీ ఇంట్లోకి రాదు.

మీ అబ్బాయి సంగతి ఆలస్యం చెయ్యొద్దు. ట్యూషన్ మాస్టారితో ఒంటరిగా మాట్లాడండి, పిల్లలందరి ముందూ వద్దు. అబ్బాయికి మాత్రం ముత్తాత గురించి మీకు తెలిసిందంతా చెప్పండి. ఆయన ఏ బడిలో చదివాడు, ఎవరి దగ్గర పనిచేశాడు, చర్చికి వెళ్లినందుకు ఊళ్లో ఏమేం పడ్డాడు, ఎందుకు మానలేదు. అది తెలిసిన పిల్లవాడు ఆ మాట విన్నప్పుడు కుంగిపోడు. తమ్ముడు వచ్చాక అతని చేతే కూడా చెప్పించండి, తాత అతనికీ తాతే.

ఇక క్రిస్మస్. భోజనం ముందు ప్రార్థన ఎప్పటిలాగే చేసుకోండి, అతని కోసం మానొద్దు. అతను కళ్లు మూసుకోకపోతే గమనించనట్టు ఊరుకోండి. "ఈ పూట నువ్వు చెయ్యరా ప్రార్థన" అని పరీక్ష పెట్టొద్దు. ముఖ్యంగా, తప్పిపోయిన బిడ్డని తిరిగి రప్పించు తండ్రీ అని అందరి ముందూ అతన్ని ఉద్దేశించి పైకి ప్రార్థించొద్దు. అది దేవుడికి చెప్పడం కాదు, అతనికి వినిపించడం, అతనికీ అది తెలుసు. అతని కోసం ప్రార్థించాలనుంటే మీ గదిలో చేసుకోండి. 24 రాత్రి ఆరాధనకి వస్తావా అని ఒక్కసారి అడగండి. పాటల కోసమైనా వస్తాడేమో, సండే స్కూల్లో నేర్చుకున్న పాటలు అతనికి ఇంకా నోటికి వచ్చే ఉంటాయి. రానంటే రెండోసారి అడగొద్దు. మావయ్య అడగబోతే మీరు ఆపండి.